ఆస్ట్రేలియాలో చైల్డ్‌కేర్ ఉద్యోగం: ఇండియా డిగ్రీతో వెళ్లినవాళ్లు ఎలా మొదలుపెట్టాలి?

మెల్‌బోర్న్‌లో ప్లేస్‌మెంట్ (కోర్సులో భాగంగా చైల్డ్‌కేర్ సెంటర్లో చేసే పని) మొదటి రోజున డబ్బాలో ఇడ్లీ, పల్లీ చట్నీ పెట్టుకుని వెళ్లాను. డబ్బాలో ఏముందని అడిగిన రూమ్ లీడర్ (ఆ గది బాధ్యత చూసే ఆవిడ) నన్ను గుమ్మం దగ్గరే ఆపేసింది. లోపల ఒక బాబుకి వేరుశనగ అలర్జీ. డబ్బా తీసుకెళ్లి కారులో పెట్టి, చేతులు సబ్బుతో కడుక్కుని వచ్చాకే లోపలికి రానిచ్చింది. ఇద్దరు పిల్లల్ని పెంచాను, ఇదేమంత పని అనుకుంటూ వచ్చినదాన్ని కదా, ఇంట్లో పిల్లల్ని పెంచడం వేరు, ఈ ఉద్యోగం వేరు అని అక్కడే తెలిసొచ్చింది.

ఐటీ ఉద్యోగుల భార్యలు, స్టూడెంట్ల జీవిత భాగస్వాములు చాలామంది ఈ రంగం వైపు చూస్తున్నారు. మగవాళ్లూ ఉన్నారు, అడుగులు అందరికీ ఒకటే.

ముందు వీసా, తర్వాత కోర్సు

మీ వీసాపై ఎన్ని గంటలు పని చేయొచ్చో వీవో అనే ప్రభుత్వ సైట్‌లో చూసుకోండి. స్టూడెంట్ వీసా వాళ్లకి తరగతులు జరిగే రోజుల్లో రెండు వారాలకు 48 గంటలే పరిమితి. మాస్టర్స్ చదివేవాళ్ల భాగస్వాములకు ఆ పరిమితి లేదు. ఈ ఒక్క సంగతి తెలియక, వచ్చిన ఉద్యోగాన్ని భయంతో వదులుకున్నవాళ్లు నాకు తెలుసు.

మన డిగ్రీ పనికొస్తుందా?

పనికొచ్చే అవకాశం ఉంది, కానీ దానంతటది కాదు. చిన్నపిల్లల కేంద్రాల అర్హతల్ని చూసే జాతీయ సంస్థ పేరు ఎసెక్వా. విదేశీ డిగ్రీ ఉన్నవాళ్లు ఫీజు కట్టి అక్కడ మదింపు చేయించుకోవచ్చు. వాళ్లు మీ మార్కుల శాతం చూసి మురిసిపోరు. ఐదేళ్ల లోపు పిల్లల గురించి మీరు ఏం చదివారు, వాళ్ల మధ్య పర్యవేక్షణలో ఎన్ని రోజులు ప్రాక్టికమ్ (ప్రాక్టికల్ శిక్షణ) చేశారు అన్నది చూస్తారు. హైస్కూల్ పిల్లల కోసం చేసిన బీఎడ్ ఇక్కడే తేలిపోతుంది. ఇండియా నుంచి బయల్దేరే ముందే యూనివర్సిటీలో సిలబస్ కాపీలు, ప్రాక్టికమ్ వివరాలున్న లెటర్ తీసుకోండి. ఇక్కడికి వచ్చాక అన్నయ్యనో మామయ్యనో ఆ ఆఫీసు చుట్టూ తిప్పడం కంటే అది నయం.

సైకాలజీలో ఎమ్మెస్సీ చేసి వచ్చినవాళ్లకి ఒక మాట. సైకాలజీ బోర్డులో రిజిస్ట్రేషన్ లేకుండా ఇక్కడ సైకాలజిస్ట్ అని చెప్పుకోవడం చట్టరీత్యా నేరం. ఆ దారి పొడవైనది. అటు ప్రయత్నిస్తూనే చైల్డ్‌కేర్‌లో పని చేయొచ్చు, పిల్లల మనసు గురించి చదివింది వృథా పోదు.

కోర్సు ఎంచుకోవడం

మదింపులో పని జరగకపోతే చైల్డ్‌కేర్‌లో మొదటి మెట్టు కోర్సైన సర్టిఫికెట్ త్రీతో మొదలుపెట్టాలి. తర్వాత డిప్లొమా. మొదటిదానికి కనీసం 160 గంటలు, రెండోదానికి 280 గంటలు నిజమైన సెంటర్లో పని చేయాలి. "ప్లేస్‌మెంట్ అక్కర్లేదు, మూడు వారాల్లో చేతికిస్తాం" అనే చోటుకి వెళ్లకండి, తెలిసినవాళ్లు చెప్పినా సరే. 2024 చివరి నుంచి శిక్షణ సంస్థల నియంత్రణ సంస్థ ఆస్క్వా కొన్ని కాలేజీలు ఇచ్చిన సర్టిఫికెట్లు వేల సంఖ్యలో రద్దు చేసింది. వాటిలో చైల్డ్‌కేర్‌వీ ఉన్నాయి. ఫీజు కట్టే ముందు ఆ కాలేజీకి ఈ కోర్సు చెప్పే అనుమతి ఉందో లేదో ప్రభుత్వ జాబితాలో చూడండి, ప్లేస్‌మెంట్ సెంటర్ వాళ్లే చూపిస్తారా, మనమే వెతుక్కోవాలా అని అడగండి.

కోర్సు పూర్తయ్యేదాకా ఆగక్కర్లేదు. సర్టిఫికెట్ త్రీలో చేరి చదువు ముందుకు సాగుతుంటే చాలు, సెంటర్లు మిమ్మల్ని అర్హత ఉన్నవాళ్ల లెక్కలో వేసుకోవచ్చు. రేషియోలు (ఎంతమంది పిల్లలకి ఒక ఎడ్యుకేటర్, అంటే పిల్లల్ని చూసుకునే ఉద్యోగి, ఉండాలనే లెక్క) పాటించాలి కాబట్టి వాళ్లకీ మనుషులు కావాలి. రెండేళ్ల లోపు పిల్లలు నలుగురికి ఒక ఎడ్యుకేటర్ ఉండాల్సిందే. మెల్‌బోర్న్ ఉన్న విక్టోరియా రాష్ట్రంలో మూడేళ్ల వరకూ అదే లెక్క.

కార్డులు, కాగితాలు

పిల్లలతో పనిచేసేవాళ్ల నేపథ్యం చూసి ఇచ్చే వర్కింగ్ విత్ చిల్డ్రన్ చెక్ లేకుండా గేటు దాటనివ్వరు. ఇది రాష్ట్రానికో రకం, క్వీన్స్‌లాండ్‌లో బ్లూ కార్డ్ అంటారు. విక్టోరియాలో వాలంటీర్ కార్డు ఉచితం, కానీ జీతం తీసుకునే పనికి అది చెల్లదు. తర్వాత చిన్నపిల్లల కేంద్రాల కోసం ఉండే ఫస్ట్ ఎయిడ్ కోర్సు చేయండి. ఆస్తమా, అనఫిలాక్సిస్ (ప్రాణం మీదికి తెచ్చే తీవ్ర అలర్జీ) అందులోనే వస్తాయి. సీపీఆర్ మాత్రం ఏటా రెన్యూ చేసుకోవాలి.

అసలు కష్టం రాయడంలో ఉంది

ఏడ్చే పిల్లని ఊరుకోబెట్టడం మనకి కొత్త కాదు. టెన్షన్ పెట్టేది అబ్జర్వేషన్, అంటే పిల్ల ఏం చేసిందో చూసి రాయడం. నా మొదటి దాంట్లో "పాప నీళ్లతో చక్కగా ఆడుకుంది" అని రాశాను. రూమ్ లీడర్ చదివి, "చక్కగా అంటే? నువ్వేం చూశావు?" అంది. రెండోసారి ఇలా రాశాను: "ఎర్ర కప్పు నిండా నీళ్లు తీసుకుని పసుపు కప్పులో పోసింది. పొర్లిపోయాయి. ఆగి, కప్పులోకి తొంగి చూసి, ఈసారి సగమే తీసుకుంది." అప్పుడు తల ఊపింది. చూసింది రాసి, అందులో పిల్ల ఏం నేర్చుకుందో చిన్నపిల్లల చదువుకి దేశమంతా వాడే ఎర్లీ ఇయర్స్ ఫ్రేమ్‌వర్క్‌లోని ఐదు అవుట్‌కమ్స్‌లో (పిల్లలు అందుకోవాల్సిన లక్ష్యాల్లో) ఒకదానికి ముడిపెట్టాలి. ఇంట్లో మీ పిల్లల్నో పక్కింటివాళ్ల పిల్లల్నో చూస్తూ రోజుకి నాలుగు వాక్యాలు ఇంగ్లిష్‌లో రాయండి. నెలలో చెయ్యి తిరుగుతుంది.

కొన్ని అలవాట్లు మానుకోక తప్పదు. గోరుముద్దలు పెట్టకూడదు, కిందా మీదా పోసుకున్నా పిల్ల తనే తినాలి. ఒళ్లో వేసుకుని నిద్రపుచ్చి అలాగే ఉంచుకోవడం కుదరదు. పసివాళ్లని వెల్లకిలా పడుకోబెట్టాలి, కాసేపటికోసారి ఊపిరి చూసి టైమ్ రాసి సంతకం పెట్టాలి. న్యాపీ (డైపర్) మార్చే ముందు ఏడాది పాపకైనా "మారుస్తున్నాను, సరేనా?" అని చెప్పాలి. మొదట్లో నాకు నవ్వొచ్చేది. ఇప్పుడు ఇంట్లోనూ అలాగే అడుగుతున్నాను.

ఇంటర్వ్యూ

రెజ్యూమె ఈమెయిల్ చేసి కూర్చోకండి. మధ్యాహ్నం పిల్లలు పడుకునే వేళకి ఇంటి దగ్గరున్న సెంటర్లకి స్వయంగా వెళ్లి ఇవ్వండి, సెంటర్‌ని నడిపే డైరెక్టర్‌కి కాస్త తీరిక దొరికేది అప్పుడే. ముందు క్యాజువల్‌గా పిలుస్తారు, పొద్దున్నే ఫోన్ చేసి "ఇవాళ రాగలవా" అంటారు. రెండు మూడుసార్లు సరే అన్నవాళ్లకే పర్మనెంట్ షిఫ్టులు దొరకడం నేను చూశాను.

ఒక ప్రశ్న మాత్రం సిద్ధం చేసుకుని వెళ్లండి: పిల్ల ఒంటిమీద కారణం తెలియని దెబ్బ కనిపిస్తే ఏం చేస్తారు? "తల్లిదండ్రులతో మాట్లాడి సర్దిచెబుతాను" అనేది మన నోటికి సహజంగా వచ్చే జవాబు. అది తప్పు. చూసింది చూసినట్టు రాసి, వెంటనే సూపర్‌వైజర్‌కి చెప్పి, అనుమానం గట్టిగా ఉంటే పిల్లల రక్షణ చూసే ప్రభుత్వ విభాగం చైల్డ్ ప్రొటెక్షన్‌కి రిపోర్ట్ చేస్తానని చెప్పాలి. విక్టోరియాలో ఈ రంగంలో పనిచేసే ఎడ్యుకేటర్లకి అది చట్టం పెట్టిన బాధ్యత, డైరెక్టర్ వద్దన్నా సరే.