క్యాసోవరీ తండ్రినీ పిల్లల్నీ అడవిలో చూడాలంటే

మహారాష్ట్ర సిరోంచా వైపు నుంచి ఆస్ట్రేలియా వెళ్లి క్యాసోవరీని, అంటే ఎగరలేని ఆ పెద్ద అడవి పక్షిని, చూడాలనుకుంటే ముందు తేదీలు సరిచూసుకోండి. ఇవి జూన్ నుంచి అక్టోబరు దాకా గుడ్లు పెడతాయి, దాదాపు 50 రోజులకు పిల్లలవుతాయి. అందుకే అక్టోబరు, నవంబరు మంచి అదను. డిసెంబరు దాటాక అక్కడ వానలు ముదురుతాయి. హైదరాబాద్ నుంచి సింగపూర్ మీదుగా ఈశాన్య ఆస్ట్రేలియాలోని కెయిర్న్స్ నగరం చేరి, అద్దె కారులో రెండు గంటలు దక్షిణానికి పోతే మిషన్ బీచ్ అనే ఊరు. మనలాగే ఎడమ పక్కన నడపాలి.

పిల్లలతో తిరిగే పెద్ద పక్షి ఎప్పుడూ తండ్రే. తల్లి గుడ్లు పెట్టి తన దారిన తాను పోతుంది. పొదగడమూ, తొమ్మిది నెలలో అంతకు మించో సాకడమూ ఆయన పనే.

పక్షి వెంట నడవకండి, పండు దగ్గర కూర్చోండి. మిషన్ బీచ్ పక్కనే ఉన్న జిరూ నేషనల్ పార్కులో లికువాలా బాట మీద ముందు పేడ వెతకండి: అరగని గింజలతో పెద్ద కుప్పగా పడి ఉంటుంది. తడిగా ఉంటే పక్షి దగ్గర్లోనే ఉన్నట్టు. పండ్లు రాలిన చెట్టు కనబడగానే, దాని మీద చూపు ఆనేలా 30 మీటర్ల దూరంలో ఆగండి. పొద్దున, సాయంత్రం వస్తాయి. 8x42 బైనాక్యులర్ చాలు. నీడలో ఫ్లాష్ మాత్రం వద్దు. తండ్రి పండును ముక్కుతో తీసి పిల్లల ముందు వదిలేయడం గమనించండి. ఒంటి మీద చారలు స్పష్టంగా ఉంటే పిల్ల వయసు ఆరు నెలల లోపు. తర్వాత చారలు మాసి గోధుమరంగు తిరుగుతుంది.

తునికాకు సీజన్లో పిల్లలున్న ఎలుగుబంటి ఎదురైతే ఎంత జాగ్రత్తో ఇక్కడా అంతే: తండ్రికీ పిల్లలకీ మధ్యకు పోవద్దు. ఆయన మెడ చాచి మీదికొస్తే వెన్ను చూపి పరిగెత్తకండి. బ్యాగు అడ్డం పెట్టుకుని, మెల్లగా వెనక్కి నడుస్తూ చెట్టు చాటుకు చేరండి. లోపలి వేలి గోరు 12 సెంటీమీటర్ల దాకా ఉంటుంది, తన్ను ముందుకే పడుతుంది.

అరటిపండు విసరకండి. అది అక్కడ నేరం. పైగా తిండి మరిగిన పక్షే మనుషుల మీదికొస్తుంది, రోడ్డెక్కి బండి కింద పడుతుంది. పెద్దది రోడ్డు దాటిందని కారు కదిలించడం అందరూ చేసే పొరపాటు. పిల్లలు వెనకబడతాయి, ఇంకాస్త ఆగండి.

చారల పిల్ల ఒంటరిగా కనిపిస్తే పట్టుకోవద్దు, తండ్రి పొదల్లో ఉండొచ్చు. దూరంగా జరిగి కనిపెట్టండి, ఎంతకీ రాకపోతే పార్కు రేంజర్లకు ఫోన్ చేయండి.