శీతనిద్ర లేచేలోగా రెండో పెట్టె సిద్ధం చేసుకోండి

మన ఊళ్ళలో ప్రహరీ గోడ మీద ఎండ కాగుతూ తల పైకీ కిందికీ ఆడించే తొండను చూడనివారుండరు. చిన్నప్పుడు మమ్మల్నే వెక్కిరిస్తోందనుకుని రాళ్ళు విసిరేవాళ్ళం. పాపం, దాని గొడవంతా ఎదుటి గోడ మీదున్న మరో మగ తొండతో. ఈ గోడ నాది, దిగి పొమ్మంటోందన్నమాట. ఇక్కడ అమెరికాలో మన పిల్లలు ముచ్చటపడి పెంచుకునే బియర్డెడ్ డ్రాగన్ కూడా ఆ తొండల కుటుంబానిదే. పుట్టిల్లు ఆస్ట్రేలియా మెట్టప్రాంతాలు. పేరు ఎంత ఘనంగా ఉన్నా బుద్ధి మాత్రం గోడ మీద తొండదే.

ఇంట్లో ఒకటే ఉన్నవారికి రెండో పెట్టెతో పనిలేదు. "ఒంటరిగా దిగులు పడుతుంది పాపం" అని రెండోదాన్ని తెచ్చి అదే గాజు పెట్టెలో వేసినవారి కోసం రాస్తున్నాను. నేనూ ఆ పనే చేశాను. చలికాలమంతా అవి మూల చేరి నిద్రపోతాయి, తిండి మీద కూడా ధ్యాస ఉండదు. గొడవలుండవు కాబట్టి మనకు ధైర్యం వచ్చేస్తుంది. ఫిబ్రవరి, మార్చి నెలల్లో పగలు పెరిగి అవి లేచేసరికి జతకట్టే కాలం మొదలవుతుంది. లేచిన వారంలోనే పెద్దది కొరకడంతో మా రెండింటిలో చిన్నదాని ముందరికాలి వేలొకటి పోయింది.

నిజానికి సూచనలు అంతకుముందే ఉన్నాయి, నేనే చదవలేకపోయాను. వేడి దీపం కింద ఒకదాని వీపు మీద మరొకటి పడుకున్న ఫోటో పంపితే మా అమ్మ "అక్కాచెల్లెళ్ళలా ఉన్నాయిరా" అని మురిసిపోయింది. అది ఆప్యాయత కాదు, ఆక్రమణ. ఈ జీవులు ఒంట్లో వేడిని తామే పుట్టించుకోలేవు. దీపం కింద 40 డిగ్రీల సెల్సియస్ దరిదాపుల్లో ఉండే రాయి మీద కాగితేనే తిన్నది అరుగుతుంది. ఎముక గట్టిపడాలంటే అతినీలలోహిత కాంతి కావాలి. పైనున్నది రెండూ దోచుకుంటుంది, కిందిది నీడలో మిగిలిపోతుంది. ఒకే రోజు, ఒకే సైజులో కొన్న మా రెండింటినీ తూచి చూస్తే ఒకటి 410 గ్రాములు, రెండోది 230. ఒక్క గాటు కూడా పడకముందే అంత నష్టం జరిగిపోయింది. (వంటింటి తూకం మీద వేశానని మా ఆవిడ ఆ తూకాన్ని మళ్ళీ లోపలికి రానివ్వలేదు. ఆమె చేసిందే సరైన పని, ఎందుకో తర్వాత చెబుతాను.)

గడ్డం ఉబ్బి నల్లబడటం, తల గబగబా ఆడించడం, నోరు తెరిచి నిలబడటం బెదిరింపులు. ఒకటి ముందుకాలు ఎత్తి గాలిలో నెమ్మదిగా సున్నా చుడితే పిల్లలు టాటా చెబుతోందని నవ్వుతారు. లొంగిపోయానని చెప్పుకోవడమది. రోజూ టాటా చెప్పే ప్రాణి ఆ పెట్టెలో భయంతో బతుకుతోందని అర్థం.

దుకాణంవారు రెండూ ఆడవేనన్నారని నమ్మకండి. పిల్లలుగా ఉన్నప్పుడు పోల్చడం కష్టం. పెద్దయ్యాక తోకను మెల్లగా ఎత్తి మొదలు దగ్గర చూస్తే మగదానికి రెండు పక్కలా రెండు ఉబ్బులు, మధ్యలో పల్లం కనబడతాయి. రెండు మగవాటిని ఒకచోట ఉంచే ప్రశ్నే లేదు. ఆడామగా అయితే మగది మెడ కరిచి పట్టుకుని వెంటాడుతూనే ఉంటుంది. ఆడది విడతకు 20 దాకా, ఒక్కోసారి ఇంకా ఎక్కువ గుడ్లు పెడుతుంది. ఒక్కసారి జతకట్టినా తర్వాతి విడతలూ ఫలదీకరణ చెందవచ్చు. దాని ఒంట్లో కాల్షియమంతా అలా కరిగిపోతుంది. రెండు ఆడవి కొంత నయం, అంతే. సైజులో తేడా ఉంటే మాత్రం ఆడామగా లెక్కలు కూడా అనవసరం, పెద్దది చిన్నదాన్ని ఆహారంగానే చూస్తుంది.

అందుకే రెండో పెట్టె. నాలుగడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, దాని దీపాలు దానికే. ఉన్న పెట్టెలోనే ఇంకో దీపం వేలాడదీస్తే సరిపోతుందనుకున్నాను. పెద్దది రెండు దీపాల మధ్యా గస్తీ తిరిగింది. మధ్యలో గాజు పలక పెట్టడం ఇంకా అన్యాయం, శత్రువు పొద్దస్తమానం కళ్ళెదుటే ఉంటాడు. పెట్టెలు పక్కపక్కన పెట్టక తప్పకపోతే మధ్యలో అట్టముక్క అడ్డం పెట్టండి. ఆటకని రెండింటినీ ఒకేసారి నేల మీదికి వదలొద్దు. వేరు చేసేదాకా మేత వేళ ఒకదాన్ని బయటికి తీయండి. కీచురాళ్ళ వెంట పడే ఊపులో పక్కదాని కాలివేలు కూడా పురుగులాగే కనబడుతుంది. మిగిలిన కీచురాళ్ళను రాత్రికి ఏరేయండి, నిద్రపోతున్నవాటిని అవి కొరుకుతాయి.

గాయమైతే ముందు వేరు చేయండి. ఇసుక తీసేసి తెల్లటి పేపర్ టవల్ పరవండి. సెలైన్‌తో కడిగి, పోవిడోన్ అయోడిన్‌ను పలచని టీ రంగు వచ్చేదాకా నీళ్ళలో కలిపి అద్దండి. నొప్పి తగ్గించే మందు కలిసిన పూతలు పూయకండి. మనవాళ్ళకు చేయి పసుపు డబ్బా మీదికి పోతుంది. వద్దు, ఆ రంగు కింద చర్మం నల్లబడుతున్నా కనబడదు. మన గోడ మీది బల్లికి తోక మళ్ళీ మొలుస్తుంది గానీ దీనికి మొలవదు. తోక కొస నల్లబడి ఆ నలుపు పైకి పాకుతుంటే వెంటనే వైద్యుడి దగ్గరికి వెళ్ళాలి. గాయం చీము పట్టి గడ్డలా ఉబ్బినా అంతే. వీటి చీము మనకు పట్టినట్టు కారిపోదు, జున్నులా గట్టిపడుతుంది, కోసి తీయాల్సిందే. పెంపుడు జంతువుల వైద్యులందరూ సరీసృపాలను చూడరు. చూసేవారి నంబరు జనవరిలోనే వెతికి పెట్టుకోండి.

తూకం సంగతి. పైకి శుభ్రంగా కనబడే డ్రాగన్ ఒంటి మీద కూడా మనకు విరేచనాలు, జ్వరం తెచ్చే సాల్మొనెల్లా బ్యాక్టీరియా ఉండవచ్చు. ముట్టుకున్న ప్రతిసారీ సబ్బుతో చేతులు కడగాలి, దాని గిన్నెలు వంటింటి సింకులో తోమకూడదు, ఐదేళ్ళలోపు పిల్లలకు అసలు అందనివ్వకూడదు.

వేరు చేశాక మా చిన్నది నాలుగు రోజులు ఏమీ ముట్టలేదు. ఐదో రోజు దీపం కింది రాయి ఎక్కి, నాలుగు కాళ్ళూ బారజాపి, సాయంత్రం దాకా దిగలేదు.