పిల్లలు నోరు విప్పకముందు చేయాల్సినవి, విప్పాక అస్సలు చేయకూడనివి

మనం పిల్లలకి ఏం చెప్తాం, "తెలియనోళ్లు చాక్లెట్ ఇస్తే తీసుకోకు, వాళ్ల వెంట వెళ్లకు" అని చెప్పేసి ఇక మన పని అయిపోయిందనుకుంటాం. కానీ చిన్నపిల్లల మీద అత్యాచారం కేసుల్లో ఈ మధ్య ఏళ్ల పోలీసు లెక్కలు ఏవి తీసినా నూటికి తొంభైకి పైగా నిందితులు ఆ పిల్లకి ముందే తెలిసినవాళ్లే. బాబాయి, మావయ్య, పక్కింటి అన్న, ట్యూషన్ సారు, వ్యాన్ డ్రైవరు, ఒక్కోసారి కన్నతండ్రి. 2007లో కేంద్ర మహిళా శిశు అభివృద్ధి శాఖ 13 రాష్ట్రాల్లో 12 వేల మందికి పైగా పిల్లల్ని అడిగితే సగం మందికి పైగా ఏదో ఒక రకంగా లైంగిక వేధింపు ఎదురైందని చెప్పారు, ఎక్కువగా బయటపడిన రాష్ట్రాల్లో అప్పటి మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ కూడా ఉంది. ఇంకోటి, అందులో మగపిల్లల శాతం ఆడపిల్లల కంటే కాస్త ఎక్కువే వచ్చింది, కాబట్టి మాకున్నది అబ్బాయే కదా అని గుండెల మీద చెయ్యేసుకుని పడుకోకండి.

ఇలాంటివాడు ఒక్కరోజులో మీద పడడు. ముందు ఇంట్లో అందరికీ మంచివాడైపోతాడు, కరెంటు బిల్లు కట్టిపెడతాడు, పిల్లని స్కూల్ నుంచి తీసుకొస్తా అంటాడు, గేమ్‌కి రీచార్జ్ చేయిస్తాడు, మీరు వద్దన్న ఫోను వాడు ఇస్తాడు. తర్వాత ఏదో చిన్న విషయం "అమ్మకి చెప్పకు, ఇది మనిద్దరికే" అంటాడు, అది దాగిందా లేదా చూసుకుని ఇంకో అడుగు వేస్తాడు. ఆ తర్వాత బెదిరింపు, "చెప్తే అమ్మ చచ్చిపోద్ది", "నిన్నే కొడతారు", "ఎవడు నమ్ముతాడు నిన్ను". వాడు అసలు లెక్క వేసుకునేది మన పరువు మీదే, ఈ ఇంట్లో బయటపడినా బయటికి పోనివ్వరులే అని. అందుకే ఒక్క పిల్లతోనే మాటిమాటికీ ఒంటరిగా ఉండాలని చూసే పెద్దమనిషి ఎంత దగ్గరవాడైనా సరే ఆ ఒంటరితనం దొరకనివ్వకండి, మొహం మీద అనుమానించక్కర్లేదు, మీరూ వెళ్లి ఆ గదిలో కూర్చోండి చాలు.

ఇంట్లో మొదలుపెట్టాల్సింది స్నానం దగ్గర. మూడేళ్ల నుంచే ఒళ్లు తోమేటప్పుడు చెయ్యి, కాలు, పొట్ట అని చెప్పినట్టే ఆ భాగాల పేర్లు కూడా మామూలు గొంతుతో చెప్పండి, మీ ఇంట్లో ఏ మాట వాడితే ఆ మాట. బట్టల్లేకుండా పరిగెడితే "షేమ్ షేమ్" అని అందరం నవ్వుతాం చూడండి, అది మానేయాలి, ఎందుకంటే రేపు అక్కడ ఎవరైనా ముట్టుకుంటే ఆ సిగ్గు తనదే అనుకుని పిల్ల నోరు మూసుకుంటుంది. నాలుగైదేళ్ల పిల్లకి ఇలా చెప్తే సరిపోద్ది:

"డ్రాయర్ కింద ఉండేది నీ సొంతం. కడగడానికి అమ్మ, అమ్మమ్మ. నొప్పొస్తే డాక్టరు, అదీ అమ్మ పక్కనుంటేనే. ఇంకెవరైనా చూపించమన్నా, ముట్టుకున్నా, వాళ్లది ముట్టుకోమన్నా, ఫోటో తీస్తానన్నా నాకు చెప్పేయ్. మావయ్య అయినా, సార్ అయినా, అక్క అయినా."

గుడ్ టచ్ బ్యాడ్ టచ్ అని స్కూళ్లలో చెప్తున్నారు, మంచిదే, కానీ నాకు అందులో ఒక ఇబ్బంది కనిపిస్తుంది. కొన్నిసార్లు ఆ ముట్టుకోవడం పిల్లకి నొప్పిగా ఉండదు, గిలిగింతలా ఉంటుంది, ఆటలా ఉంటుంది, అప్పుడు అది బ్యాడ్ కాదేమో అని పిల్ల తికమక పడుతుంది, పైగా నాకూ బాగానే అనిపించింది కాబట్టి తప్పు నాదే అనుకుంటుంది. అందుకని ఎలా అనిపించింది అన్నది పక్కన పెట్టి, దాచిపెట్టమన్నారా లేదా అన్నది పట్టుకోమనండి. పుట్టినరోజు గిఫ్టు దాచడం వేరు, అది రేపటికి అందరికీ తెలిసిపోద్ది. ఎప్పటికీ చెప్పకు అన్నది ఏదైనా సరే అదే రోజు అమ్మకి చెప్పాలి.

అలాగే పండక్కి వచ్చిన చుట్టాలకి "తాతయ్యకి ముద్దు పెట్టు, ఒళ్లో కూర్చో" అని బలవంతం చేయడం ఆపేయండి. పిల్ల రానంటే నమస్తే పెట్టిస్తే చాలదా, పెద్దవాళ్లు ఒక గంట అలుగుతారు అంతే. తన ఒంటి మీద తను వద్దు అంటే ఇంట్లోనే చెల్లకపోతే బయట చెల్లుతుందని ఎలా అనుకుంటుంది.

స్కూల్ సంగతికొస్తే అడ్మిషన్ రోజున ఫీజు, ఏసీ క్లాసురూమ్ అడుగుతాం గానీ ఇవి అడగం: వ్యాన్‌లో ఆయా ఉంటుందా, చివర దిగే పిల్ల డ్రైవర్‌తో ఒంటరిగా ఎంతసేపు ఉంటుంది, చిన్నపిల్లల్ని బాత్‌రూమ్‌కి ఎవరు తీసుకెళ్తారు, టీచర్లు కాని స్టాఫ్‌కి పోలీస్ వెరిఫికేషన్ అయిందా. 2022లో హైదరాబాద్‌లో ఒక ప్రైవేట్ స్కూల్లో నాలుగేళ్ల పాప మీద అఘాయిత్యం చేసింది ప్రిన్సిపల్ కారు డ్రైవరు, అసలు క్లాసు పిల్లలతో పనే లేని మనిషి. ఆర్నెల్లలోనే కోర్టు 20 ఏళ్ల జైలు వేసింది.

ఇక గుర్తుపట్టడం. మానేసిన పక్క తడపడం మళ్లీ మొదలవడం, ఒంటికి వెళ్లేటప్పుడు మంట, కడుపునొప్పి అని స్కూల్ ఎగ్గొట్టడం, వయసుకి తెలియకూడని విషయాలు బొమ్మలతో ఆడి చూపించడం, ఫలానా మనిషి వస్తున్నాడంటే నక్కడం, పెద్దపిల్లలైతే చేతులు కోసుకోవడం, చదువు ఒక్కసారిగా పడిపోవడం. వీటిల్లో ఏ ఒక్కటీ రుజువు కాదు, పక్క తడిపిందని ఎవరి మీదా పడిపోకండి. అలాగని ఏ గుర్తూ లేకుండా నవ్వుతూ తిరిగే పిల్లలు కూడా ఉంటారు. "ఆ సార్ ట్యూషన్‌కి నేను పోను" అంటే బద్ధకం అని రెండు తగిలించి పంపడం కాకుండా ఒక పూట ఆపి, అక్కడ ఏం చేస్తారు, ఎవరెవరుంటారు, నీకు నచ్చనిది ఏంటి అని మామూలుగా అడిగితే పోయేదేం లేదు.

ఇప్పుడు అసలైంది. పిల్ల చెప్పింది. సాధారణంగా కూర్చోబెట్టి మొత్తం చెప్పదు, జడ వేస్తుంటేనో, బండి మీద వెనక కూర్చునో, అన్నం తింటూనో ఒక ముక్క జారవిడుస్తుంది, "బావ ఫోన్‌లో గలీజ్ వీడియోలు చూపిస్తాడు" అని. అది మన మొహం చూడ్డానికి వేసిన మొదటి ముక్క. మీరు అరిస్తే, ఏడిస్తే, "ఛీ, అవేం మాటలు" అంటే మిగతాది లోపలే ఉండిపోద్ది, కొన్నేళ్లు ఉండిపోద్ది. లోపల ఎంత మండిపోతున్నా సరే జడ వేస్తూనే ఉండండి. "ఊఁ, తర్వాత?" అంతే. ఇంకా కావాలంటే "ఏం జరిగిందో చెప్పు" అనండి, అంతేగానీ "ఇక్కడ ముట్టుకున్నాడా? ఇలా చేశాడా?" అని మీరే మాటలు అందించొద్దు. అది పిల్లని భయపెడుతుంది, పైగా రేపు కోర్టులో డిఫెన్స్ లాయరు తల్లే నేర్పించింది అంటాడు.

మూడు మాటలు మాత్రం తప్పకుండా చెప్పండి, చెప్పి మంచి పని చేశావు, నేను నమ్ముతున్నా, ఇందులో నీ తప్పేం లేదు. "అప్పుడే ఎందుకు చెప్పలేదు?", "నువ్వసలు అక్కడికెందుకెళ్లావు?" ఈ రెండు ప్రశ్నలు మింగేయండి, జీవితంలో ఎప్పుడూ అడక్కండి. ఎవరికీ చెప్పను అని ఒట్టు కూడా వేయొద్దు, ఎందుకంటే మీరు చెప్పక తప్పదు. "నిన్ను కాపాడేవాళ్లకి మాత్రం చెప్తా, చెప్పేముందు నీకు చెప్తా" అనండి. పిల్ల పడుకున్నాక తను అన్న మాటలు తన మాటల్లోనే, డేటు టైముతో ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి. మళ్లీ మళ్లీ చెప్పించొద్దు, అత్తకోసారి పిన్నికోసారి అస్సలొద్దు.

ఆ రాత్రే వాడింటి మీదకి వెళ్లాలనిపిస్తుంది, మగవాళ్లకి మరీ. వద్దు. వాడు ఫోన్‌లో ఉన్నవి డిలీట్ చేసి ఊరు దాటేస్తాడు, ఎదురు మీ మీద కేసు పెడతాడు, పిల్ల మళ్లీ నా వల్లే ఇదంతా అనుకుంటుంది. పెద్దమనుషుల్లో పెట్టి లక్షో రెండు లక్షలో ఇప్పించి సరిపెట్టడం మన ఊళ్లలో ఇంకా నడుస్తుంది, అది రాజీ కుదుర్చుకునే కేసు కానే కాదు, ఆ పంచాయితీలో కూర్చున్నవాళ్లు కూడా విషయం తెలిసి చెప్పనందుకు ఇరుక్కుంటారు. 2012 నవంబర్ 14 నుంచి అమల్లో ఉన్న పోక్సో (పిల్లల మీద లైంగిక నేరాల) చట్టం ప్రకారం 18 ఏళ్ల లోపు ఎవరి మీద జరిగినా, ఆడైనా మగైనా, తెలిసినవాళ్లు పోలీసులకి చెప్పి తీరాలి, చెప్పకపోతే ఆర్నెల్ల దాకా జైలు, స్కూలో హాస్టలో నడిపే పెద్ద తన కింద పనిచేసేవాడి గురించి దాస్తే ఏడాది దాకా. మంచి ఉద్దేశంతో చెప్పినవాళ్ల మీద మాత్రం కేసు ఉండదు.

ఫోన్ చేయాల్సింది పిల్లల హెల్ప్‌లైన్ 1098కి, లేదా అర్జెంట్ అయితే 112కి. స్టేషన్‌కి పిల్లని తీసుకెళ్లాల్సిన పని లేదు, స్టేట్‌మెంట్ మీ ఇంట్లోనే లేదా పిల్ల కోరుకున్న చోట తీసుకోవాలి, వీలైనంతవరకు ఎస్సై లేదా ఆ పై స్థాయి మహిళా అధికారి, యూనిఫాం లేకుండా, తల్లిదండ్రులో పిల్ల నమ్మే మనిషో పక్కన ఉండగా. రాత్రిపూట పిల్లని స్టేషన్‌లో ఉంచకూడదు. మా పరిధి కాదు అంటే జీరో ఎఫ్ఐఆర్ (ఏ స్టేషన్‌లోనైనా రాసుకుని తర్వాత అసలు స్టేషన్‌కి పంపేది) రాయమనండి, ఎఫ్ఐఆర్ కాపీ ఫ్రీగా ఇవ్వాలి. హైదరాబాద్‌లో 2016లో మొదలైన భరోసా సెంటర్లు తెలంగాణలో వేరే జిల్లాలకీ వచ్చాయి, పోలీసు, డాక్టరు, లాయరు, కౌన్సెలరు ఒకే చోట ఉంటారు, రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఇలాంటి సాయం చేసే సఖి సెంటర్లున్నాయి, మహిళా హెల్ప్‌లైన్ 181కి చేస్తే దారి చెప్తారు.

ఒంటి మీద దాడి జరిగి ఎక్కువ సేపు కాకపోతే స్నానం చేయించకండి, ఇది తల్లి మనసుకి చాలా కష్టం, ముందు కడిగేయాలనిపిస్తుంది. బట్టలు ఉతక్కుండా పేపర్ కవర్లో పెట్టండి, ప్లాస్టిక్‌లో అయితే చెమ్మకి పాడవుతాయి. ఒకవేళ స్నానం అయిపోయినా ఆగొద్దు, ఆసుపత్రికి వెళ్లాల్సిందే. హెచ్ఐవీ రాకుండా ఇచ్చే మందులు 72 గంటల్లోపే మొదలుపెట్టాలి, గర్భం రాకుండా మాత్ర కూడా ఎంత త్వరగా వేస్తే అంత మంచిది. పోలీసు కాగితం తెస్తేనే చూస్తాం అనే హక్కు ఏ డాక్టర్‌కీ లేదు, ప్రైవేట్ ఆసుపత్రైనా వైద్యం ఫ్రీగా చేయాలి, అమ్మాయిని లేడీ డాక్టరే పరీక్షించాలి.

ఫోటోలు, వీడియోలు, చాటింగ్ అయితే ఆ ఫోన్‌ని అలాగే పోలీసులకి ఇవ్వండి. సాక్ష్యం కోసమని ఆ వీడియోని వాట్సాప్‌లో తమ్ముడికో లాయర్‌కో ఫార్వర్డ్ చేయొద్దు, అదే నేరం అవ్వుద్ది, ఐడీ పేరు, లింకు రాసుకోండి చాలు. కేంద్రం వాళ్ల సైబర్ క్రైమ్ పోర్టల్‌లో పేరు చెప్పకుండా కూడా రిపోర్ట్ చేయొచ్చు.

చేసినవాడు ఇంట్లోనే ఉంటే పోలీసులు 24 గంటల్లో పిల్లని బాలల సంక్షేమ కమిటీ ముందుంచాలి, పిల్ల ఎక్కడుండాలో వాళ్లు చూస్తారు. మీరు మాత్రం పిల్లని హాస్టల్‌కి పంపేద్దాం అనే మాట ఎత్తకండి, ఇంట్లోంచి పోవాల్సింది వాడు. అదే కమిటీని అడిగితే సపోర్ట్ పర్సన్‌ని ఇస్తారు, కేసు అయ్యేదాకా స్టేషన్‌కీ కోర్టుకీ తోడు వచ్చే మనిషి, చాలామందికి ఇలా ఉంటుందనే తెలీదు. పరిహారం కోసం కేసు తేలేదాకా ఆగక్కర్లేదు, మధ్యలోనే మధ్యంతర పరిహారం ఇమ్మని స్పెషల్ కోర్టుని అడగొచ్చు. ఏడాదిలో విచారణ అయిపోవాలని చట్టంలో ఉంది, బయట చాలా కేసులు అంతకంటే సాగుతాయి, దానికి మనసు రెడీ చేసుకోండి. వాయిదాల గురించి పిల్ల ముందు రోజూ మాట్లాడుకోవద్దు.

ఇంట్లో ఆ తర్వాత రోజులు ఎలా ఉండాలంటే మామూలుగా. స్కూల్, ఆటలు, తిట్లు కూడా, హోంవర్క్ చేయకపోతే అడగండి. బయటికి పోకు, ఫ్రాక్ వేసుకోకు, ఫోన్ ముట్టుకోకు అని కట్టడి చేస్తే శిక్ష పిల్లకి పడినట్టే. "దీనికి పెళ్లెలా అవుద్దో" అని నాయనమ్మ గొణిగితే ఆవిడని పక్కకి తీసుకెళ్లి ఒక్కసారి గట్టిగా చెప్పండి. పిల్ల కొన్నాళ్లు మీ పక్కలోనే పడుకుంటా అనొచ్చు, మీ మీదే విరుచుకుపడొచ్చు, వాడు మంచోడే అని ఏడవొచ్చు కూడా, అది అబద్ధం చెప్పినందుకు కాదు, వాడి మీద నిజంగానే ప్రేమ ఉండి ఉంటుంది. నిద్ర, తిండి సర్దుకోకపోతే పిల్లల సైకియాట్రిస్ట్‌కి చూపించండి, మానసిక సమస్యలకి ప్రభుత్వం పెట్టిన 14416 టెలీమానస్ ఫోన్ లైన్‌లో తెలుగులోనే మాట్లాడొచ్చు, ఆ నంబర్ తల్లికి కూడా, నేనెలా చూసుకోలేకపోయాను అని ఆవిడ తినకుండా పడుకుంటే పిల్లకి తోడెవరు.

ఇది చదువుతూ మీ సొంత చిన్నతనం గుర్తొచ్చినవాళ్లు ఉంటారు. ముప్పైల్లోనో నలభైల్లోనో ఉండి ఇప్పుడు చెప్తే ఏం లాభం అనుకుంటారు. పోక్సో వచ్చాక జరిగినదైతే పెద్దయ్యాక కూడా కంప్లైంట్ ఇవ్వొచ్చు, అంతకుముందుదైతే అప్పటి ఐపీసీ సెక్షన్లు వర్తిస్తాయి, ఒక క్రిమినల్ లాయర్‌ని కలిసి అడగండి. కేసు వద్దనుకుంటే అదీ మీ ఇష్టమే, కానీ ఆ మనిషి చుట్టూ ఇప్పుడు వేరే పిల్లలు తిరుగుతుంటే కనీసం ఆ పిల్లల తల్లికి చెప్పండి. ఎవరైనా స్నేహితురాలు మీతో ఇలాంటిది చెప్పుకుంటే "మర్చిపో, ఇప్పుడెందుకు" అనకండి, "అన్నేళ్లు ఒక్కదానివే మోశావా" అని టీ పెట్టి కూర్చోండి, భర్తకి చెప్పాలా, అమ్మకి చెప్పాలా, ఎవరికీ వద్దా అనేది ఆమెనే తేల్చుకోనివ్వండి.