మామిడిని కాయలుగా కొని ఇంట్లోనే మాగబెట్టుకోండి

మామిడికి త్వరగా రంగు తెప్పించడానికి కొందరు వ్యాపారులు వాడే కాల్షియం కార్బైడ్‌ను మన ఆహార భద్రతా నిబంధనలు నిషేధించాయి. తేమ తగిలినప్పుడు దాని నుంచి వెలువడే ఎసిటిలీన్ వాయువుతో పాటు విషపూరితమైన ఆర్సెనిక్, ఫాస్ఫరస్ ఆనవాళ్లు కూడా పండుకు అంటుకునే ప్రమాదం ఉండటమే అందుకు కారణం. పండ్ల నుంచి సహజంగానే వెలువడి వాటిని మాగబెట్టే ఇథిలీన్ వాయువును వాడటానికి అనుమతి ఉన్నా, రాశిగా పోసిన పండ్లలో ఏది దేనితో పండిందో కొనేవారు చూసి తేల్చుకోలేరు. అందువల్ల దగ్గరలోని తోటలోనో, రైతుబజారులోనో ముదిరిన పచ్చికాయలనే కొని, ఇంట్లో వరిగడ్డి మధ్య మాగబెట్టుకోవడం మేలని నా గట్టి అభిప్రాయం. ఎప్పుడు కోశారో, చివరిసారి మందు ఎప్పుడు కొట్టారో రైతునే నేరుగా అడగగలగడం స్థానికంగా కొనడంలోని అసలు లాభం. తొడిమ చుట్టూ భుజాలు ఉబ్బి, తొడిమ గుంటలో ఉన్నట్టు కనిపించే కాయ ముదిరినట్టు లెక్క. లేతకాయ ఎన్నాళ్లు ఉంచినా ముడతలు పడుతుందే తప్ప తీపెక్కదు. బంగినపల్లి అయినా, నూజివీడు చిన్నరసాలైనా గాలి ఆడే గదిలో ఒకే వరుసగా పరిచి, రోజూ తీసి చూస్తూ, మచ్చపడిన వాటిని వెంటనే వేరు చేయాలి. గడ్డి దొరకని నగరవాసులు కాగితపు సంచిలో పండిన అరటిపండుతో కలిపి ఉంచినా, దాని నుంచి సహజంగా వెలువడే ఇథిలీన్ వల్ల కాయలు చక్కగా మాగుతాయి.