మైళ్ల దేశంలో సైకిల్ యాత్ర, 3వ పాఠం: దూరం, మిట్ట

బ్రిటన్, అమెరికా రోడ్ల పలకల మీద దూరాలు మైళ్లలో ఉంటాయి. కర్నూలు, కడప, అనంతపురం దారుల్లో కిలోమీటరు రాళ్లు చూస్తూ తొక్కిన వాళ్లకు అంచనా తప్పేది ఇక్కడే. బస 60 మైళ్ల దూరంలో ఉందంటే, గంటకు 15 కి.మీ. వేగంతో నాలుగు గంటలు చాలవు, దాదాపు ఆరున్నర గంటలు పడుతుంది. చలికాలంలో ఆ మిగిలిన రెండున్నర గంటలూ చీకట్లో తొక్కాల్సి వస్తుంది.

మైలు అంటే 1.609 కి.మీ. తొక్కుతూనే కట్టుకోగల లెక్క ఇది: మైళ్లకు వాటిలో సగం, పదో వంతు కలపండి. 40 మైళ్లకు 40+20+4, అంటే 64 కి.మీ. అసలు విలువ 64.4. వెనక్కి మార్చాలంటే కిలోమీటర్లలో సగం తీసుకుని, ఆ సగానికి దానిలో పావు కలపండి. అనంతపురం నుంచి కర్నూలు సుమారు 150 కి.మీ.; సగం 75, దానిలో పావు 19, మొత్తం 94 మైళ్లు. అసలు 93. మీరు తరచూ తొక్కే దారులన్నీ ప్రయాణానికి ముందే ఇలా మార్చి రాసుకోండి. తెలిసిన దారితో పోల్చుకుంటేనే మైలు కాళ్లకు అర్థమవుతుంది.

సైకిల్ మీద వేగం, దూరం చూపే మీటరును మైళ్లకు మార్చినా, అందులో మి.మీ.లో ఇచ్చిన చక్రం చుట్టుకొలతను మార్చకూడదు. అనుమానముంటే ముందు చక్రం వాల్వు నేలవైపు ఉన్నచోట సుద్దగీత గీయండి. సీటు మీద కూర్చుని సరిగ్గా ఒక చుట్టు ముందుకు పోనిచ్చి మళ్లీ గీయండి. 700×35 సైజు టైరుకు ఆ రెండు గీతల మధ్య 2,170 మి.మీ. దగ్గర రావాలి. సీటు మీద కూర్చోకుండా కొలిస్తే టైరు అణగదు, కొలత కాస్త ఎక్కువ వస్తుంది.

ఇంకో ప్రమాదం: బ్రిటన్ దారి పలకల మీద అంకె పక్కన 'ఎం' అక్షరం ఉంటే అది మైలు. అరమైలును అర మీటరనుకునే వారుండరు గానీ, మలుపు ఎంత దూరమో తేల్చుకోలేక ఆగిపోతారు. దగ్గరి దూరాలు గజాల్లో ఇస్తారు. పదో వంతు తీసేస్తే మీటర్లు: 200 గజాలు సుమారు 180 మీటర్లు.

దూరం కన్నా మిట్ట ముఖ్యం. అమెరికా మ్యాపుల్లో ఎత్తు అడుగుల్లో ఉంటుంది. 3తో గుణించి 10తో భాగిస్తే మీటర్లు దాదాపుగా వస్తాయి. ఏటవాలు కావాలంటే మీటర్లలోకి మార్చే పనే లేదు. మైలుకు 5,280 అడుగులు కాబట్టి, మైలుకు ఎన్ని అడుగులు ఎక్కుతుందో చూసి 50తో భాగించండి, ఏటవాలు శాతం దాదాపుగా వస్తుంది. 4 మైళ్లలో 800 అడుగులంటే మైలుకు 200, అంటే దాదాపు 4 శాతం. ఇది సగటు మాత్రమే. అందులో మైలు దూరం చదునుగా ఉంటే మిగతా మూడు మైళ్లు 5 శాతం దాటుతాయి. సామాను సంచులతో ఉన్నప్పుడు ఆ ఒక్క శాతం తేడాకే చిన్న గేరు అవసరమవుతుంది. పలక మీద 1:10 అని ఉంటే 10 శాతం, 1:5 అని ఉంటే 20 శాతం.

అభ్యాసం: కడప-రాయచోటి దారిలో గువ్వలచెరువు ఘాట్‌కు వెళ్లండి. ఫోన్‌లో కొలతలను మైళ్లు, అడుగులకు మార్చి, ఘాట్ మొదట్లో, పైన ఎత్తు రాసుకోండి. నడిమి దూరంతో శాతం కట్టి, ఏ గేరులో ఎక్కారో పక్కనే రాయండి. వచ్చే పాఠంలో టైరు గాలి, దాని ఒత్తిడి కొలతలు: పీఎస్‌ఐ, బార్.