రిసెప్షన్‌కి స్టార్టర్లు మనమే చేస్తే: ముందు చూసుకోవాల్సినవి

300 మంది, మనిషికి 4 ముక్కలు అంటే 1,200. ఈ లెక్క కాగితం మీద రాసుకున్నాకే మెనూ మాట్లాడండి. మూడు రకాలు చాలు. అందులో వేడిగా వేయించాల్సింది ఒక్కటే ఉండాలి, చేగోడీల్లాంటివి రెండు రోజుల ముందే చేసి డబ్బాలకెత్తొచ్చు.

☐ ఫంక్షన్ హాల్లో బయటివాళ్ళని వండుకోనిస్తారా? అడ్వాన్స్ ఇవ్వకముందే అడగండి.

☐ పునుగుల పిండి: ఇక్కడే చాలామంది దెబ్బతింటారు. ఉప్పు ముందే కలిపితే పిండి జారిపోతుంది, పునుగులు నూనె పీల్చేస్తాయి. రుబ్బింది ఫ్రిజ్‌లో పెట్టి, ఒక్కో వాయికి సరిపడా తీసి అప్పుడే ఉప్పు, ఉల్లిపాయ, పచ్చిమిర్చి కలపండి. గోలీ అంత పిండి నీళ్ళలో వేస్తే తేలాలి. మునిగిందా, ఇంకాసేపు చేత్తో గిలక్కొట్టాలి.

☐ కొబ్బరి చట్నీ: మా తమ్ముడి రిసెప్షన్ మే నెలలో. సాయంత్రం 4కి రుబ్బింది 8 కల్లా పులిసిపోయింది. ఐస్ పెట్టెలో పెట్టుకెళ్ళి, కొంచెం కొంచెంగా బయటికి తీయండి. చేగోడీల్లాంటి పొడివి తప్ప, వండినదేదైనా బయట 2 గంటలకు మించి ఉంచొద్దు, ఎండాకాలమైతే గంటే.

☐ పెద్ద మూకుడు ఇంటి స్టవ్ మీద నిలవదు. ఇనప పొయ్యి, 19 కిలోల సిలిండర్, ఇంకోటి స్పేర్. నూనె అంటుకుంటే నీళ్ళు పోయొద్దు, గ్యాస్ కట్టేసి మూత పెట్టాలి. ఆ మూత పక్కనే ఉందా?

☐ పల్లీలు, జీడిపప్పు పడనివాళ్ళకోసం గిన్నెల ముందు చీటీ.

☐ పొయ్యి దగ్గర ఎవరు? పెళ్ళికూతురి అమ్మ మాత్రం కాదు. ఫోటోలకి పిలుస్తూనే ఉంటారు, వాయి మాడిపోతుంది.