మనసులో మనుషులు – 4వ పాఠం: ‘నేనే గొప్ప’ అనే గొంతు, ‘నేనెందుకూ పనికిరాను’ అనే గొంతు

ఒకే మనిషిలో వేరువేరు మనుషుల్లాంటి భాగాలు ఉండి, ఒక భాగం అన్నదీ చేసిందీ ఇంకో భాగానికి గుర్తుండకపోవడాన్ని బహుళ వ్యక్తిత్వం అంటున్నాం. అలాంటి మనిషి ఉన్న ఇంటివాళ్ల కోసం పోయిన పాఠంలో ఒక నోటుబుక్కు మొదలుపెట్టాం. గుర్తులేని గంటలు, తనది కానట్టున్న చేతిరాత, కొన్నట్టు జ్ఞాపకం లేని చీర బీరువాలో కనబడటం, ఇలాంటివన్నీ తేదీ వేసి రాసుకున్నాం. ఈసారి అదే నోటుబుక్కుతో ఇంకో పని నేర్చుకుందాం. లోపలి గొంతుల్లో ఒకటి ఎగిరిపడుతుంటే, ఇంకొకటి ముడుచుకుపోతుంటే, ఏ పక్కా చేరకుండా రెండింటినీ వినడం. ఇంట్లోవాళ్లకు ఇది కష్టమైన పనే. మెత్తగా మాట్లాడే భాగం మీద మనకు ప్రేమ పుడుతుంది, ఎగిరిపడే భాగం ఎప్పుడు పోతుందా అని చూస్తాం. లోపల ఉన్నవాళ్లు ఈ తేడాను ఇట్టే పసిగడతారు.

కొత్తగా చదువుతున్నవాళ్ల కోసం రెండు మాటలు. బహుళ వ్యక్తిత్వం అని మనం పిలిచేదానికి అమెరికా మానసిక వైద్యుల సంఘం 1994లో డిసోసియేటివ్ ఐడెంటిటీ డిజార్డర్ అని పేరు పెట్టింది. ఇదీ, స్కిజోఫ్రేనియా అనే మానసిక జబ్బూ ఒకటి కాదు. చిన్నతనంలో తప్పించుకోలేని హింస పదే పదే జరగడం ఎక్కువమంది కథల్లో ఉంటుంది.

ఇప్పుడు మక్తల్ వైపు ఒక అమ్మాయిని ఊహించుకుందాం. అమ్మానాయనలు బొంబాయి కూలికి పోతూ పిల్లను చుట్టాలింట్లో దిగబెట్టారు. ఆ ఇంట్లో ఒక పెద్దాయన చేతిలో రోజూ దెబ్బలు, తిట్లు. (వలస పోయిన ఇళ్లలో ఇలాగే అవుతుందని కాదు. పాలమూరులో అవ్వాతాతల దగ్గర చల్లగా పెరిగిన పిల్లలు ఎంతోమంది.) ఆ పిల్ల పెద్దదై, పెళ్లయిన అన్న దగ్గర ఉంటూ, మహబూబ్‌నగర్‌లో బట్టల షాపులో పనిచేస్తోంది. ఒకరోజు “నాతోని ఏం గాదు వదినా, అన్నీ తప్పులే చేస్త” అని అన్నం కూడా తినకుండా కూర్చుంటుంది. ఇంకోరోజు గొంతు మారుతుంది, చూపు మారుతుంది. “దానికేం చేతగాదు. నేను లేకుంటే ఎప్పుడో సచ్చేది. మీరెవరు నాకు చెప్పేటందుకు?” అంటుంది. తెల్లారి అడిగితే ఆ మాటలు అన్నట్టే ఆమెకు తెలియదు.

గొప్పతనం చూపించుకోవడం కింద తక్కువతనపు బాధ దాగి ఉంటుందని వియన్నా వైద్యుడు ఆల్ఫ్రెడ్ ఆడ్లర్ (1870–1937) చెప్పాడు. ఆయన చిన్నప్పుడు ఎముకలు మెత్తబడి వంగిపోయే రికెట్స్ జబ్బుతో బాధపడ్డాడు. మర్రిగూడ వైపు నీళ్లలోని ఫ్లోరైడ్‌తో ఎముకలు వంగిపోయిన పిల్లలు తోటివాళ్ల చూపుల్ని ఎట్లా భరించారో చూసిన నల్లగొండ పాఠకులకు, ఆయన ఈ ఆలోచన దాకా ఎందుకొచ్చాడో వేరే చెప్పనక్కర్లేదు. అయితే ఆయన మాట్లాడింది బహుళ వ్యక్తిత్వం గురించి కాదు. మనలో ఈ రెండూ ఒకే మనసులో ఉంటాయి. నిన్న ఎచ్చులకు పోయి ఏదో అన్నామని ఇవాళ సిగ్గుపడతాం. ఆ సిగ్గే మనల్ని సరిచేస్తుంది. బహుళ వ్యక్తిత్వంలో రెండూ విడిపోయి, నడుమ మరుపు గోడలా నిలుస్తుంది. ఎగిరిపడే భాగానికి తన భయం కనబడదు. ముడుచుకుపోయే భాగానికి తన బలం కనబడదు. ఒకరి తప్పు నుంచి ఇంకొకరు నేర్చుకునే దారే ఉండదు. అందుకే ఈ గొడవ ఏళ్ల తరబడి అదే మాటలతో సాగుతుంది. ఈ పాఠంలో ఇంకేది మరిచిపోయినా ఇది మాత్రం గుర్తుంచుకోండి.

ఈ రెండు గొంతులూ ఎందుకు పుట్టాయో కూడా చూడాలి. అన్నం పెట్టే మనిషే కొడుతుంటే, ఆ మనిషి చెడ్డవాడు అనుకోవడం చిన్నపిల్లకు భరించలేని సంగతి. నేనే చెడ్డదాన్ని అనుకుంటే కొంచెం ఆశ మిగులుతుంది, మంచిగా ఉంటే కొట్టరేమో అని. ‘పనికిరాను’ అనే గొంతు ఆ ఆశను పట్టుకుని బతికింది. ఇక గొప్పలు పోయే గొంతు. ఆ ఇంట్లో బలమంటే ఏమిటో ఆ పిల్ల చూసింది కొట్టేవాడి దగ్గరే. అందుకే చాలాసార్లు ఈ గొంతులో ఆ మనిషి మాటలే వినబడతాయి. మెత్తని భాగాన్ని అది తిడుతుంది, నోరు మూయిస్తుంది. నోరు మూసుకుంటే దెబ్బలు తక్కువ పడతాయని ఒకప్పుడు నేర్చుకుంది కాబట్టి. చూడటానికి శత్రువులా ఉన్నా అది చేసింది కాపలా పనే.

ఇక సాధన. నోటుబుక్కులో కొత్త పేజీ తీయండి. గొప్ప మాట గానీ తక్కువ మాట గానీ వచ్చినప్పుడు, అన్న మాట అన్నట్టే రాయండి. దాని కింద, అంతకు కొంచెం ముందు ఏం జరిగిందో రాయండి. ఆ తర్వాత, ఆ మాట దేన్ని ఆపడానికి వచ్చి ఉంటుందో ఆలోచించి రాయండి. అసలు విద్య ఈ చివరి వరుసలోనే ఉంది, తొందరపడొద్దు. షాపులో యజమాని అందరి ముందు కేకలేశాడు, ఇంటికొచ్చి “వాడెంత, వాని బతుకెంత” అంది. ఏడుపు రాకుండా ఆపడానికేమో. పెళ్లికి పోదామని వదిన అడిగింది, “నా మొఖానికి పెండ్లా” అంది. ఆ పెద్దాయన ఎదురుపడకుండా ఉండటానికేమో. ‘ఏమో’ అనే రాయండి. మీ ఊహను ఆమె మీద రుద్దకండి, గాయం సంగతులు తవ్వి అడగకండి. అది వైద్యుల దగ్గర, నిదానంగా జరగాల్సిన పని.

జవాబు చెప్పేటప్పుడు, ఎగిరిపడే భాగంతో “నీ పొగరు దించుకో” అనొద్దు. “నువ్వే నయం, అది ఏడుపుగొట్టుది” అని అంతకన్నా అనొద్దు. “ఇన్నేండ్లు నువ్వు కాపాడినవ్. ఇయ్యాల దేన్ని ఆపాలని చూసినవ్?” అని అడగండి. ముడుచుకునే భాగాన్ని ఆకాశానికెత్తడం కూడా పనిచేయదు. పొగడ్త విన్నందుకు లోపల మళ్లీ తిట్లు పడతాయి. “నిన్న షాపు లెక్క ఈ చేతులతోనే సరిపోయింది” అనండి. ఆ లెక్క చేసింది ఏ భాగమైనా చేతులు ఒకటే కదా. తప్పుకూ ఇదే పద్ధతి. పళ్లెం విసిరింది ఎవరైనా, ముక్కలు ఎత్తాల్సింది ఆ మనిషే. ఏ భాగాన్నీ పంపించేయాలని చూడొద్దు, కొత్త పేర్లు పెట్టొద్దు, చుట్టాల ముందు పిలిచి చూపించొద్దు. వైద్యంలో ముందు చూసేది ప్రాణానికి భద్రత, తర్వాత లోపలివాళ్ల మధ్య మాట కలవడం.

మన దగ్గర శిగం, అంటే దేవత ఒంటి మీదికి వచ్చే పూనకం, దాని సంగతి కూడా చెప్పాలి. ఎల్లమ్మ పండుగలో శిగమూగడం జబ్బు కాదు. నలుగురూ ఒప్పుకున్న ఆచారాన్ని వైద్యగ్రంథాలు కూడా జబ్బు కింద లెక్కపెట్టవు. కానీ పండుగ లేకుండా, తాను కోరకుండా వచ్చి, బతుకును చెడగొడుతుంటే డాక్టరుకు చూపించాలి. ఇంట్లో ఎవరూ లెక్కచేయని కోడలు అమ్మవారి గొంతుతో మాట్లాడినప్పుడే అందరూ చేతులు కట్టుకుని వింటారు. మామూలు రోజున ఆమె మాట ఎవరు విన్నారో కూడా అడగండి. మిరపకాయల పొగ పెట్టడం, కొట్టడం మాత్రం పాత గాయం మీద కొత్త గాయం చేయడమే.

“దాన్ని చంపేస్త” అని ఒక భాగం ఇంకో భాగం గురించి అంటే ఆ క్షణమే నోటుబుక్కు పక్కన పెట్టండి. శరీరం ఒక్కటే అన్న సంగతి ఆ భాగానికి నిజంగానే పట్టకపోవచ్చు. మనిషిని ఒంటరిగా వదలొద్దు. టెలీ మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ నంబరు 14416కు ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడతారు. మహబూబ్‌నగర్, నల్లగొండ ప్రభుత్వ వైద్య కళాశాలల ఆసుపత్రుల్లో గానీ, హైదరాబాద్ ఎర్రగడ్డ ఆసుపత్రిలో గానీ మానసిక వైద్యులకు చూపించండి.

ఈ వారం రోజుకు ఒక్క మాట రాస్తే చాలు. గొప్ప మాటలే రాస్తున్నారా, తక్కువ మాటలే రాస్తున్నారా అని ఆదివారం ఒకసారి చూసుకోండి. ఒకవైపే నిండితే, రెండో గొంతును మీరు వినడం లేదన్నమాట. వచ్చే పాఠంలో లోపలి చిన్నపిల్లతో మాట్లాడటం నేర్చుకుందాం. ఈ పేజీలు అప్పుడు కావాలి, చింపకండి.